డీప్ కండిషనర్ కొనేముందు డబ్బా వెనక్కి తిప్పండి

జుట్టు పొడిబారిందంటే అందులో తేమ తగ్గిపోయిందనే అనుకుంటాం. అందుకే డబ్బా మీద ‘మాయిశ్చర్’ అని కనిపించగానే చెయ్యి అటు పోతుంది. కానీ రంగులతో, బ్లీచ్‌తో, స్ట్రెయిటెనింగ్‌తో దెబ్బతిన్న జుట్టు మామూలు జుట్టు కంటే ఎక్కువ నీళ్లే పీలుస్తుంది, తడిస్తే ఎక్కువగా ఉబ్బుతుంది. ఆరాక అది చేతికి గరుగ్గా తగలడానికీ, దువ్వెన దిగకపోవడానికీ, వానాకాలంలో చింపిరిగా లేవడానికీ అసలు కారణం వెంట్రుక పైపొర పాడవడం. డీప్ కండిషనర్ పని ప్రధానంగా ఆ పైపొర మీదే. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే షాపులో వరసగా పేర్చిన హెయిర్ మాస్కులు, స్పా క్రీములు, హెయిర్ బటర్ల మధ్య మనకు కావాల్సింది ఏదో తేల్చుకోవడం చాలా తేలికవుతుంది.

వెంట్రుక పైపొరను క్యూటికల్ అంటారు. ఇంటి కప్పు మీద పెంకులు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు సన్నని పొలుసులు ఆరు నుంచి పది వరసల దాకా ఉంటాయి. వాటి అంచులన్నీ కొన వైపు తిరిగి ఉంటాయి. ఒక వెంట్రుకను వేళ్ల మధ్య పట్టుకుని కుదురు నుంచి కొనకు లాగితే నున్నగా జారుతుంది, కొన నుంచి పైకి లాగితే కొంచెం పట్టుకున్నట్టు ఉంటుంది. ఆ పొలుసుల మీద పుట్టుకతోనే వచ్చే పలచని కొవ్వు పొర ఒకటి ఉంటుంది. నీటిని దూరంగా ఉంచేదీ, వెంట్రుకలు ఒకదాన్నొకటి రాసుకోకుండా జారేలా చేసేదీ అదే. రంగు, బ్లీచ్, రీబాండింగ్ క్రీముల్లోని క్షారం దాన్ని ఊడగొడుతుంది. ఊడిందంటే మళ్లీ రాదు, ఎందుకంటే మాడు దాటి బయటికొచ్చిన వెంట్రుక నిర్జీవ పదార్థం. తనంతట తాను బాగుపడే శక్తి దానికి లేదు.

పొలుసుల దిశ ఎంత ముఖ్యమో తిరుమల తలనీలాల వ్యాపారం చూస్తే అర్థమవుతుంది. మొక్కు తీర్చుకున్న భక్తుల జుట్టును టీటీడీ ఈ-వేలంలో అమ్ముతుంది. అక్కడి నుంచి విగ్గులకూ, హెయిర్ ఎక్స్‌టెన్షన్లకూ వెళ్తుంది. ఈ వ్యాపారంలో కుదుళ్లన్నీ ఒక వైపు, కొనలన్నీ ఒక వైపు ఉండేలా కట్టిన జుట్టును ‘రెమీ’ అంటారు, ధర దానికే ఎక్కువ. కిందామీదా కలిసిపోయిన జుట్టు అయితే పొలుసులు ఎదురెదురుగా తగులుకుని చిక్కుపడుతుంది. అందుకని దాన్ని యాసిడ్‌లో ముంచి పొలుసులు తీసేసి, పైన సిలికోన్ పూత వేస్తారు. కొత్తలో ధగధగ మెరుస్తుంది. తలస్నానాలతో ఆ పూత పోయాక దువ్వెన కూడా దిగదు. కండిషనర్ ఏం చేయగలదో, ఏం చేయలేదో ఈ ఉదాహరణ చెప్పినంత స్పష్టంగా ఏ ప్రకటనా చెప్పదు. అది పోయిన కొవ్వు పొర స్థానంలో తాత్కాలికంగా మరో పొరను వేస్తుంది. కొన్ని తలస్నానాలకు అది పోతుంది, మళ్లీ వేసుకోవాలి.

మరి నీళ్లతో కడిగేస్తున్నాం కదా, ఆ పొర ఎలా నిలుస్తుంది? దెబ్బతిన్న చోట వెంట్రుక ఉపరితలం మీద రుణావేశం పెరుగుతుంది. కండిషనర్‌లో ధనావేశం ఉన్న పదార్థాలు వాడతారు. అవి నేరుగా పోయి ఆ దెబ్బతిన్న చోట్లను పట్టుకుంటాయి. బాగున్న చోట తక్కువగా, పాడైన చోట ఎక్కువగా అంటుకుంటాయి. ఈ అంటుకోవడం నిమిషాల్లో జరిగిపోతుంది. కాబట్టి రాత్రంతా మాస్కు పెట్టుకుని పడుకుంటే పది రెట్లు లాభం రాదు. పైగా గంటల తరబడి నీళ్లలో నాని ఉబ్బి ఉండటం వెంట్రుకకు మంచిది కాదు. పది నుంచి ఇరవై నిమిషాలు చాలు.

రోజువారీ కండిషనర్‌కూ, డీప్ కండిషనర్‌కూ తేడా సాధారణంగా పాళ్లలో ఉంటుంది. పదార్థాలు దాదాపు అవే. డీప్ కండిషనర్‌లో చిక్కదనం ఎక్కువ, నూనెలూ బటర్లూ ఎక్కువ, కొన్నిట్లో ప్రొటీన్ ముక్కలు అదనం. కొన్ని కంపెనీల డబ్బాల్లో ఆ తేడా కూడా పెద్దగా కనిపించదు. ఒకే కంపెనీ కండిషనర్‌నీ మాస్కునీ పక్కపక్కన పెట్టి వెనకవైపు చదివి చూడండి. మొదటి ఆరేడు పేర్లు అదే వరసలో ఉంటే నేనైతే చవకదే తీసుకుని, కాస్త ఎక్కువ రాసుకుని, కాస్త ఎక్కువసేపు ఉంచుకుంటాను.

వెనకవైపు ఏం చదవాలి

మన దేశంలో కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం ఒక శాతం కంటే ఎక్కువ ఉన్న పదార్థాలను పాళ్లు తగ్గే క్రమంలో రాయాలి. ఒక శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఎలాగైనా రాసుకోవచ్చు. అంటే మొదటి కొన్ని పేర్లే డబ్బా అసలు స్వభావం. మొదటిది ఎలాగూ నీళ్లే. ముందువైపు పెద్ద అక్షరాలతో రాసిన ఆర్గాన్ నూనె, వెనకాల సెంటు పేరు తర్వాత ఎక్కడో తగిలిందనుకోండి, అది పేరుకే ఉన్నట్టు లెక్క.

రెండో పేరు చాలాసార్లు సెటియరిల్ ఆల్కహాలో, సెటిల్ ఆల్కహాలో అయి ఉంటుంది. ఆల్కహాల్ అని చూసి కంగారుపడి డబ్బా పెట్టేసేవాళ్లు ఉన్నారు. ఇవి మైనంలా తెల్లగా, గట్టిగా ఉండే కొవ్వు పదార్థాలు. క్రీముకు చిక్కదనం ఇచ్చి, జుట్టును జారుగా ఉంచుతాయి. శానిటైజర్ వాసన వచ్చేది ‘ఆల్కహాల్ డినాట్’, ‘ఐసోప్రొపైల్ ఆల్కహాల్’. వరసలో పైన ఉంటే వాటితోనే ఇబ్బంది.

ఆ తర్వాత చూడాల్సింది ధనావేశం ఉన్న పదార్థం. బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్, బెహెన్‌ట్రైమోనియం మెథోసల్ఫేట్, సెట్రిమోనియం క్లోరైడ్, స్టియరమిడోప్రొపైల్ డైమిథైలమైన్ లాంటి పేర్లతో ఉంటుంది. పేర్లన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ‘మోనియం’ అని కనిపిస్తే చాలావరకు అదే. బెహెన్‌ట్రైమోనియం రకం ముతక జుట్టుకూ, బాగా పాడైన జుట్టుకూ ఎక్కువ పని చేస్తుంది. సెట్రిమోనియం తేలిక, సన్నని జుట్టుకు నప్పుతుంది. మెథోసల్ఫేట్ అన్న పేరు చూసి అది షాంపూలోని సల్ఫేట్ అనుకోవద్దు. అది కడిగే పదార్థం కాదు, దాని పని చిక్కు తీయడం. ఈ కుటుంబంలో ఒక్కటీ లేకుండా నూనెలూ, ఆకుల సారాలూ మాత్రమే ఉన్న క్రీము పేరుకు మాస్కే అయినా కడిగాక పెద్దగా ఏమీ మిగల్చదు.

సిలికోన్ల మీద ఉన్నంత భయం మరి దేనిమీదా లేదు. జుట్టును ఊపిరాడకుండా చేస్తాయని చెబుతుంటారు. వెంట్రుక ఊపిరి తీసుకోదు. బ్లీచ్ చేసిన జుట్టుకూ, వారానికి రెండుసార్లు ఐరన్ పెట్టే జుట్టుకూ అమోడైమెథికోన్ అనే సిలికోన్ ఉన్న మాస్కే నేను ముందుగా చూడమంటాను. అది కూడా దెబ్బతిన్న చోటే ఎక్కువ నిలుస్తుంది. డైమెథికోన్ అనే మరో సిలికోన్ మాత్రం ఉపరితలమంతా పరుచుకుంటుంది. సల్ఫేట్ లేని మైల్డ్ షాంపూ మాత్రమే వాడేవాళ్లకు అది పేరుకుని జుట్టు బరువుగా, జీవం లేనట్టు వేలాడుతుంది. అలా అనిపిస్తే ఒకసారి మామూలు షాంపూతో గట్టిగా తలంటుకుంటే పోతుంది. పర్యావరణం సంగతి వేరు. సైక్లోపెంటాసిలోక్సేన్ వంటి ఆవిరయ్యే సిలికోన్లను కడిగేసే ఉత్పత్తుల్లో 0.1 శాతానికి మించకూడదని యూరోపియన్ యూనియన్ 2018లో పెట్టిన నిబంధన 2020 నుంచి అమల్లోకి వచ్చింది. నీళ్లలో చేరి చాలాకాలం నిలిచిపోతాయన్నది అక్కడి ఆందోళన. ఆ కారణంతో వద్దనుకుంటే అది గౌరవించాల్సిన నిర్ణయం.

ఇక ప్రొటీన్. కెరాటిన్ (వెంట్రుక ప్రధానంగా తయారయ్యే ప్రొటీన్), గోధుమ, పట్టు ప్రొటీన్లను చిన్న ముక్కలు చేస్తేనే పనికొస్తాయి. అందుకే పేరు ముందు ‘హైడ్రొలైజ్డ్’ అని ఉండాలి. పాడైన జుట్టుకు కొంత బలం వస్తుంది. రసాయనాలు తగలని ఆరోగ్యమైన జుట్టుకు ప్రతి వారం పెడితే బిరుసెక్కుతుంది. ప్రొటీన్-మాయిశ్చర్ బ్యాలెన్స్ అంటూ పెద్ద పెద్ద చార్టులు తిరుగుతున్నాయి కానీ, అంత లెక్క అక్కర్లేదు. పెట్టిన తర్వాత జుట్టు బిరుసుగా, పెళుసుగా అనిపిస్తే తర్వాతిసారి ప్రొటీన్ లేనిది వాడండి, సరిపోతుంది.

మీ జుట్టుకు ఏది

గ్లాసు నీళ్లలో వెంట్రుక వేసి మునిగిందా తేలిందా చూసి పోరాసిటీ, అంటే వెంట్రుక నీటిని ఎంత పీలుస్తుందో, తేల్చుకోమంటారు. దాన్ని నమ్మవద్దు. నీటి తలతన్యత వల్లా, వెంట్రుక మీదున్న నూనె వల్లా, కిందటి కండిషనర్ పొర వల్లా తేలుతుంది. ఒకే తల నుంచి తీసిన రెండు వెంట్రుకలు రెండు జవాబులు చెప్పగలవు. దానికంటే, గత రెండు మూడేళ్లలో ఈ జుట్టుకు ఏమేం చేయించాం అని గుర్తు తెచ్చుకోవడం నయం. తల వెంట్రుక నెలకు సెంటీమీటరు పైచిలుకు పెరుగుతుంది. 60 సెంటీమీటర్ల జడ ఉంటే దాని కొన వయసు దాదాపు నాలుగేళ్లు. ఈలోగా వేసిన ప్రతి రంగూ, పెట్టిన ప్రతి ఐరనూ ఆ కొన మీదే ఉన్నాయి. కుదుళ్ల దగ్గర రెండంగుళాలు కొత్తగా వచ్చినవి. ఒకే తల మీద రెండు రకాల జుట్టు ఉన్నట్టే. కండిషనర్ చెవుల కింది నుంచి కొనల దాకా రాయమనేది ఇందుకే.

రెండోది వెంట్రుక లావు. ఒక్క వెంట్రుకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలపండి. ఉందో లేదో తెలియనంత పలచగా ఉంటే సన్నని రకం, దారంలా స్పష్టంగా తగిలితే లావు రకం. జుట్టు ఒత్తుగా ఉండటం, వెంట్రుక లావుగా ఉండటం ఒకటే కాదు. ఒత్తైన తలలో వెంట్రుకలన్నీ సన్నవే కావచ్చు. అలాంటివాళ్లు షియా బటరో, కొకో బటరో రెండో మూడో స్థానంలో ఉన్న మాస్కు రాసుకుంటే ఆరేసరికి జుట్టంతా తలకు అతుక్కుపోతుంది. వాళ్లకు సెట్రిమోనియం ఉన్న తేలికపాటి క్రీము, అదీ పదిహేను రోజులకోసారి, చాలు. రోజూ కండిషనర్ వాడుతూ, రంగులూ ఐరన్లూ లేని సన్నని జుట్టు ఉన్నవాళ్లకు డీప్ కండిషనర్ అసలు అవసరమే లేకపోవచ్చు. ఈ మాట ఏ షాపువాళ్లూ చెప్పరు.

ఉంగరాల జుట్టు సంగతి వేరు. ప్రతి మెలిక దగ్గరా పొలుసులు లేచి ఉంటాయి, మాడు మీది నూనె కొనల దాకా జారదు, దువ్వినప్పుడల్లా రాపిడి ఎక్కువ. మన ఇళ్లలో ఉంగరాల జుట్టున్న పిల్లల్ని పొడి జుట్టు మీద సన్నపళ్ల దువ్వెనతో లాగి, నూనె పెట్టి బిగించి జడ వేయడం ఇప్పటికీ చూస్తాం. ఏడిపించకుండా చిక్కు తీయాలంటే డబ్బా కంటే పద్ధతి ముఖ్యం. తలస్నానంలో కండిషనర్ పట్టించి, అది జుట్టు మీద ఉండగానే వెడల్పు పళ్ల దువ్వెనతో కొనల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. బెహెన్‌ట్రైమోనియం, కొవ్వు ఆల్కహాళ్లు, కాస్త బటర్ ఉన్న చిక్కని మాస్కు వీళ్లకు వారానికోసారి పనికొస్తుంది.

హెన్నా పెట్టేవాళ్లది ఇంకో ఇబ్బంది. గోరింటాకు రంగు కెరాటిన్‌కు గట్టిగా అంటుకుంటుంది, కడిగాక జుట్టు బిరుసుగా ఉంటుంది. ఆ వారం ప్రొటీన్ మాస్కు జోలికి పోకుండా, ప్రొటీన్ లేని చిక్కని మాస్కు పెట్టుకుంటే మేలు.

వంటింటి సరుకులు

మందారాకు, మెంతులు, గుడ్డు, పెరుగు. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి మంచివనో దండగనో తేల్చేయడం న్యాయం కాదు. కుంకుడు రసంలో మందారాకు నలిపి కలిపే పాత అలవాటు వెనక మంచి లెక్క ఉంది. కుంకుడుకాయ మురికి తీస్తుంది కానీ జుట్టు మీద పొర ఏదీ వదలదు, చిక్కు పడుతుంది. మందారాకు జిగురు ఆ చిక్కును అక్కడికక్కడే జారుస్తుంది. మెంతుల జిగురులో ఉండేది గెలాక్టోమన్నన్ అనే పదార్థం. సరిగ్గా ఈ కుటుంబానికే చెందింది గోరుచిక్కుడు గింజల జిగురు. దానికి ధనావేశం ఎక్కించి తయారుచేసిందే చాలా షాంపూల, కండిషనర్ల మీద కనిపించే గ్వార్ హైడ్రాక్సీప్రొపైల్‌ట్రైమోనియం క్లోరైడ్. నానబెట్టి రుబ్బిన మెంతులు జారుడునిస్తాయి, కానీ ఆ ధనావేశం లేనందువల్ల కడిగితే చాలావరకు పోతాయి. తడి జుట్టు చిక్కు తీయడానికి చక్కగా సరిపోతాయి, పది రోజులు నిలవాలంటే నిలవవు.

గుడ్డు మీద నాకు నమ్మకం లేదు. దాని ప్రొటీన్లు వెంట్రుకలోకి వెళ్లలేనంత పెద్దవి. వేడినీళ్లు పోస్తే జుట్టులోనే ఉడికి తెల్లటి తునకలు మిగులుతాయి, వాసన సరేసరి. గంజి ఆరాక జుట్టుకు కాస్త నిండుదనం ఇస్తుంది, అది పిండి పదార్థం పూత.

కొబ్బరినూనె మాత్రం వీటన్నిటికంటే పై మెట్టు. 2003లో రేలే, మోహిలే అనే పరిశోధకులు కొబ్బరినూనె, మినరల్ ఆయిల్, పొద్దుతిరుగుడు నూనెలను పోల్చి, కడిగినప్పుడు, దువ్వినప్పుడు జుట్టు కోల్పోయే ప్రొటీన్‌ను కొబ్బరినూనె ఒక్కటే గణనీయంగా తగ్గించిందని చూపించారు. దానిలోని లారిక్ ఆమ్లం అణువు చిన్నది, తిన్ననిది కాబట్టి వెంట్రుక లోపలికి పోగలదు. వాళ్లు పనిచేసింది కొబ్బరినూనె అమ్మే మారికో కంపెనీలోనే అన్నది కూడా పాఠకులు తెలుసుకోవాలి. అయినా ఆ వివరణ తర్కానికి నిలుస్తుంది. తలస్నానానికి ముందు నూనె, తర్వాత కండిషనర్. ముందుది లోపల నీటి ఉబ్బును తగ్గిస్తుంది, తర్వాతది పైపొరను నున్నగా ఉంచుతుంది. ఒకటి వాడితే రెండోది వద్దనుకోనక్కర్లేదు.

నీళ్ల సంగతి ఎవరూ అడగరు

హైదరాబాద్‌లో ఇల్లు మారాక జుట్టు పాడైందని చాలామంది అంటారు. షాంపూ మారుస్తారు, మాస్కు మారుస్తారు, నీళ్లను మాత్రం పట్టించుకోరు. నల్లా నీళ్ల ఇంటి నుంచి బోరు నీళ్ల అపార్ట్‌మెంట్‌కు వచ్చారేమో చూడండి. తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఫరవాలేదని మన భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం చెబుతోంది. కొలవడానికి ల్యాబ్ దాకా పోకపోయినా, పప్పు తొందరగా ఉడకకపోవడం, సబ్బు నురగ రాకపోవడం, బకెట్ అంచున తెల్లటి పొలుసు కట్టడం చూస్తే తెలిసిపోతుంది. ఆ కాల్షియం, మెగ్నీషియం జుట్టుకూ పడతాయి, పాడైన జుట్టుకు ఇంకా ఎక్కువ. దాని మీద ఎంత ఖరీదైన మాస్కు రాసినా గరుకు గరుకుగానే ఉంటుంది. ఇలాంటి చోట పదిహేను రోజులకోసారి డైసోడియం ఈడీటీఏ లాంటివి గట్టి పాళ్లలో ఉన్న, ఆ ఖనిజాలను పట్టి వదిలించే కిలేటింగ్ షాంపూ వాడి, ఆ తర్వాతే డీప్ కండిషనర్ పెట్టాలి. చివరగా ఒక్క మగ్గు ఆర్వో నీళ్లతోనో, పట్టి ఉంచిన వాన నీళ్లతోనో జుట్టు తడిపినా తేడా చేతికి తెలుస్తుంది.

రాసే పద్ధతిలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటే, నీళ్లు కారుతున్న జుట్టుకు క్రీము పట్టించడం. సగం నేల పాలవుతుంది. షాంపూ కడిగాక పిండి, తువ్వాలుతో అద్ది, అప్పుడు పాయలుగా తీసుకుని రాయాలి. పైన షవర్ క్యాపో, వేడి నీళ్లలో ముంచి పిండిన తువ్వాలో చుట్టుకుంటే కాస్త మేలు. పార్లర్‌లో హెయిర్ స్పా పేరుతో జరిగేది చాలావరకు ఇదే, దానికి మసాజ్, ఆవిరి తోడవుతాయి. హాయిగా ఉంటుంది, వెళ్లాలనిపిస్తే వెళ్లండి.

కానీ పార్లర్‌లో ‘కెరాటిన్ ట్రీట్‌మెంట్’ అంటే మాత్రం ఒక్క క్షణం ఆగి ఏం రాస్తున్నారో అడగండి. కెరాటిన్ ఉన్న మాస్కు వేరు, జుట్టును తిన్నగా చేసే ఆ రసాయనం వేరు. కొన్నిట్లో ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు వెలువడుతుంది, కొన్నిట్లో గ్లైఆక్సిలిక్ ఆమ్లం ఉంటుంది. స్ట్రెయిటెనింగ్ చేయించుకున్న ప్రతిసారీ కిడ్నీలు దెబ్బతిన్న ఒక యువతి కేసును 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది. ఆమెకు వాడిన క్రీములో గ్లైఆక్సిలిక్ ఆమ్లం 10 శాతం ఉంది.

జుట్టు రాలుతోందని డీప్ కండిషనర్ కొనేవాళ్లు ముందు రాలిన వెంట్రుకను చూడాలి. ఒక చివర చిన్న తెల్లని బుడిపె ఉంటే కుదురు నుంచి ఊడింది. రోజుకు 50 నుంచి 100 దాకా ఊడటం మామూలే. జ్వరం, టైఫాయిడ్, డెంగీ, కాన్పు అయిన రెండు మూడు నెలలకు గుప్పెళ్లుగా ఊడుతుంది, చాలామందికి తనంతట తగ్గుతుంది. తగ్గకపోతే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. ఏ మాస్కూ అక్కడికి చేరదు. బుడిపె లేకుండా పొట్టి పొట్టి ముక్కలుగా రాలుతుంటే అది విరిగిన జుట్టు. డీప్ కండిషనర్ ఆదుకునేది ఇక్కడే, రాపిడి తగ్గితే విరగడం తగ్గుతుంది.

చిట్లిన కొనలకు మాత్రం ఉన్న దారి ఒక్కటే. మాస్కు పెట్టిన రోజు రెండు చీలికలూ అతుక్కున్నట్టే ఉంటాయి, తర్వాతి తలస్నానానికి విడిపోతాయి, అలా వదిలేస్తే చీలిక పైకి పాకుతుంది. ముందు ఆ అంగుళం కత్తిరించండి, కొత్త డబ్బా ఆ తర్వాత కొనండి.